మంచులో మెంతి మడి

అక్టోబరు నెలాఖరున సరిహద్దులో మా ఆర్మీ పోస్టుకి చేరాం. ఎత్తు పదహారు వేల అడుగులు. పగలే మైనస్ పది. చుట్టూ రాయి, మంచు, గాలి. వీపున మోసే నా రక్‌సాక్ విప్పగానే పోస్ట్ కమాండర్ "యే క్యా హై?" అన్నాడు. బేస్ క్యాంపు నుంచి మోసుకొచ్చిన నాలుగు కిలోల మట్టి, గుడ్డమూటలో మెంతులు. ఆ మెంతులు జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున మా ఆవిడ పండించినవి. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అయినా పారేయలేదు.

ఖాళీ మందుగుండు పెట్టెలో మట్టి నింపి, మా బంకర్లో బుఖారీ పక్కన పెట్టాను. బుఖారీ అంటే కిరోసిన్ పొయ్యి. వారం తిరక్కుండానే మొలకలొచ్చాయి. జంషెడ్‌పూర్ ఎండలకి మేం మొక్కలకి పొద్దుగూకాకే నీళ్లు పోస్తాం. ఇక్కడా అలాగే పోశాను. పడుకునే ముందు బుఖారీ ఆర్పాలని ఆర్డరు. తెల్లారేసరికి మట్టి గడ్డకట్టి మొలకలన్నీ చచ్చాయి. అలవాటు కొద్దీ చేతులారా చంపుకున్నాను. మిగిలిన గింజలు మళ్లీ చల్లి, మధ్యాహ్నం మాత్రమే గోరువెచ్చటి నీళ్లు చిలకరించాను. రాత్రిపూట పెట్టెకి నా దుప్పటి కప్పాను.

ఆ రోజుల్లోనే రేడియో ఆపరేటర్ తిండి మానేశాడు. ఇచ్ఛాపురం వైపు మనిషి. అంత ఎత్తులో నోరు చచ్చిపోతుంది, డబ్బా కూర మూత తీస్తేనే డోకు వస్తుంది. మంచు తుపానులో హెలికాప్టర్ రాదు, కాలిబాట మూసుకుపోయింది. అతన్ని కిందికి దింపే దారే లేదు.

"ఏటి తమ్ముడూ, ఇవాళా తిన్లేదేటి?"

"ముద్ద దిగట్లేదన్నా. సచ్చిపోతానేటో."

అంతలో సెట్ గరగరమంది. "పోస్ట్ సే బేస్. సబ్ ఠీక్. ఓవర్" అంటూ అంతా బాగుందని కింద బేస్‌కి చెప్పాడు, తన సంగతి ఎత్తలేదు. నాకు భయమేసింది.

పెట్టెలో మెంతికూర గుప్పెడు ఎదిగింది. అందరి పప్పులోనూ వేద్దామన్నాడు వంటవాడు. మా ఇంట్లో తొలి కోత మేం తినం, పక్కింటికి ఇస్తాం. ఆ మాటే చెప్పాను.

"యహాఁ పడోసీ కౌన్ హై?" అంటూ ఇక్కడ పక్కింటివాడెవడని వెక్కిరించాడు.

రేడియో బంకర్ చూపించాను. ఇక నవ్వలేదు. ఒక్కడికి సరిపడా పప్పు విడిగా వండి ఇచ్చాడు. పళ్లెం నేనే పట్టుకెళ్లాను. ఆపరేటర్ తిన్నాడు. మర్నాడు ఉత్త పప్పుతో కూడా తిన్నాడు. తుపాను తెరిపిచ్చి హెలికాప్టర్ వచ్చేసరికి అతన్ని పంపాల్సిన అవసరం లేకపోయింది.

డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ అంతా విని, "నువ్వొక్క ఆకైనా తిన్లేదేటి?" అంది. తినలేదు. నోరూరింది, అబద్ధం చెప్పను.

బుఖారీ లేని ఆ రేడియో బంకర్లో చేతి తొడుగులు తీస్తే వేళ్లు పోతాయి. నేను పప్పు పట్టుకెళ్లిన రోజు ఆపరేటర్ పళ్లెం వాసన చూసి, రెండు తొడుగులూ పీకేసి, అన్నంలో చెయ్యి పెట్టాడు. "వేళ్లు పోతాయిరా!" అని అరిచాను. "కలుపుకోనీ అన్నా" అన్నాడు. నీలమెక్కిన ఆ వేళ్లు ముద్ద కలుపుతూ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.