లావు అక్షరాల్లో పోశయ్య

నా చిన్నప్పుడు కోరుట్లలో మా తాతయ్యకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. బడి లేదంటే చాలు, నేను అక్కడే. అక్కడి సీసపు అక్షరాలన్నిటిలో లావు అక్షరాలంటే నాకు భయభక్తులు. కడుపులు నిండుగా, కొసలు సన్నగా, తలకట్లు మీసం మెలేసినట్టు ఉండేవి. పెళ్లి పత్రికల్లో దేవుడి పేరుకు, ఊరి దొర పేరుకు తప్ప తాతయ్య వాటిని పెట్టెలోంచి తీసేవాడు కాదు. కూలివాళ్లకు ఏ అక్షరాలూ అక్కర్లేకపోయేవి, వాళ్లు పత్రికలే వేయించుకునేవాళ్లు కాదు.

తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్లు రగిలిన కాలమది. ఒకరోజు ఊరేగింపులో తూటా తగిలి ఒక కుర్రవాడు చనిపోయాడు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, ఎవరో పోరడు పోయాడట అని. మా అమ్మ కూడా అన్నం పెడుతూ "ఎవల పిలగాడో" అని నిట్టూర్చి, వెంటనే పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

మర్నాడు గోడపత్రిక వేయించడానికి కాలేజీ పిల్లలు వచ్చారు. వాళ్ల వెనకే చనిపోయిన కుర్రవాడి తండ్రి. వీర్నపల్లి దిక్కు నుంచి వచ్చి కూలి చేసుకునే మనిషి, గడప అవతలే నిలబడిపోయాడు. పిల్లలు తెచ్చిన కాగితం నిండా నినాదాలే. కుర్రవాడి పేరు చివరి వరుసలో ఎక్కడో ఉంది.

"అన్నీ లావుటియే ఎయ్యి తాతా, సర్కారు గుండె అదరాలె" అన్నాడు ఒకడు.

తాతయ్య ఆ తండ్రి వైపు చూశాడు.

"అందరు ఎవరో పోరడు అంటున్నరయ్యా" అన్నాడు ఆయన. "ఎవరో ఎట్లయితడు? పోశయ్య ఆడు. నా కొడుకు."

ఆయన ఏడవలేదు. ఆ ఏడవకపోవడం చూసే నాకు భయం వేసింది.

"అందరు ఒక్కపారే ఒర్రితె ఎవల మాట ఇనబడ్తదిరా" అని తాతయ్య నినాదాలన్నిటినీ సన్న అక్షరాల్లో కిందికి దించాడు. పైన, దేవుడి పేరు ఉండే చోట, పోశయ్య అని ఒక్క పేరే లావు అక్షరాల్లో కూర్చాడు. పిల్లలు అలిగారు. తాతయ్య వినలేదు.

ఆ రోజుల్లో గోడ మీది కాగితాన్ని జనం పైకే చదివేవాళ్లు. మర్నాడు పొద్దున్నే ఆ తండ్రి, కాగితం అంటించిన బస్టాండు గోడకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. సైకిలు మీద పోయేవాళ్లు, పాలు పోసి వచ్చేవాళ్లు, రోడ్డు అవతలి నుంచే "పోశయ్య" అని చదివారు. వినబడిన ప్రతిసారీ ఆయన తలెత్తి చూశాడు, కొడుకును ఎవరో పిలిచినట్టు.

మధ్యాహ్నానికి పోలీసులు ఆ కాగితాలు చింపేశారు. తాతయ్యను స్టేషనుకు తీసుకుపోయారు, ప్రెస్సు చాలాకాలం తెరుచుకోలేదు. ఇంట్లో అందరం బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. అంత దిగులులోనూ ఆ రాత్రి అమ్మ కంచం ముందు కూర్చుని, "ఆ పోశయ్యకు తల్లి ఉన్నదో లేదో" అంది. తినకుండానే లేచింది.

ఇప్పుడు పేపరు తెరిస్తే, ప్రమాదంలో ఇద్దరు మృతి అని లావు అక్షరాలు కనిపిస్తాయి. నేను అక్కడ ఆగను. కింద సన్న అక్షరాల్లో వాళ్ల పేర్లు వెతికి, పైకే చదువుతాను. తెలిసినవాళ్లా అని ఇంట్లో అడుగుతారు. కాదంటాను. పేర్లు వేయని రోజు ఆ పేపరు చాలాసేపు ఒళ్లోనే ఉండిపోతుంది, మడవబుద్ధి కాదు.