దొడ్డి మూలన జానెడు గుంత

మా గల్లీలో కుక్కలు మాకు కొత్త కావు. నేను మెట్టుగూడకు కాపురానికి వచ్చిన నాటి నుంచి వాటి తాతల్నీ ముత్తాతల్నీ చూస్తూనే ఉన్నాను. మా గొర్రెల పక్కనుంచే పోయేవి, వాటి వైపు తల కూడా తిప్పేవి కావు. అందుకే ఆ చలికాలం ఓ పొద్దున మా దొడ్డిలో పదిరోజుల గొర్రెపిల్ల మెడ తెగి పడి ఉంటే నేను కుక్కల్ని అనుమానించలేదు. మనుషుల్ని అనుమానించాను.

గొర్రెలు మా అత్తమ్మవి. మా మామ పోయిన ఏడు ముప్పైకి పైగా ఉండేవి. మేపే జాగా తగ్గేకొద్దీ మంద కూడా తగ్గింది. చివరికి ఎనిమిది పెద్దవీ, వాటి పిల్లలూ మిగిలాయి. ఇంటి వెనక గోడకూ రైల్వే గోడకూ మధ్య ఉన్న సందే దొడ్డి. పాత తలుపులు, విరిగిన మంచం పట్టెలు, రేకులు కలిపి కట్టింది. అత్తమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. ఒక కన్ను మసక, రెండోది అంతకంటే మసక. చెవులు తడిమి ఏది ఏ గొర్రో చెప్పేస్తుంది. పొద్దున్నే వాటిని గోడ వెంబడి కాసేపు తిప్పి తెస్తుంది, వాటికి ఆకు వేశాకే తను చాయ్ తాగుతుంది. ఇంట్లో మేమెవరం పిలిచినా ఒక్క పిలుపుకు పలకని మనిషి, అవి ఒక్కసారి అరిస్తే మంచం దిగేస్తుంది.

మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. గొర్రెల మీద ప్రేమ లేదని కాదు గానీ, ఇరుగుపొరుగు వాసన అంటున్నారని ఆయనకు ఎప్పటినుంచో నామోషీ. చచ్చిన పిల్లను గోనెసంచిలో చుడుతూ తల్లికి వినపడేలా అన్నారు.

"ఇంకొక్క జీవం పోయిందంటే, ఉన్నయన్ని మటన్ దుకాణపాయనకు తోలిస్త. పరేషాన్ నాతోని గాదు."

 ఆ పూట అత్తమ్మ అన్నం ముందు కూర్చుంది గానీ కలిపి పక్కన పెట్టేసింది. గొర్రెలు పోతే ఈమె ఎన్నాళ్లుంటుందని నాకు భయం వేసింది. అత్తాకోడళ్లమే గానీ, నా పెళ్లయిన కొత్తల్లో ఈ ఇంట్లో నా పక్షాన మాట్లాడింది ఆమె ఒక్కతే.

దొడ్డి ఈశాన్యం మూలన, రేకు కింద మట్టి తోడి ఉంది. కుక్కలు అక్కణ్నుంచే దూరాయి. గుంతలో రాళ్లు వేసి, మీద ఇంత మట్టి తోసి, కాలితో తొక్కేశాను. అక్కడ మట్టి గుల్లగా ఉంది కాబట్టి అక్కడ తవ్వాయనుకున్నాను. అంతకు మించి ఆ మూల గురించి ఆలోచించలేదు. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు తవ్వాయన్నదే నా బుర్రను తొలిచింది. ఎవరో వాటికి నెత్తుటి రుచి మప్పి ఉండాలి.

మొదట నా చూపు మటన్ దుకాణం ఆయన మీద పడింది. పండుగ వస్తే చాలు, "అవ్వా, పొట్టేలిస్తవా" అని గేటు దగ్గర నిలబడేవాడు. అత్తమ్మ ఇవ్వనంటే నవ్వుకుంటూ పోయేవాడు. ఆ నవ్వు నాకు ఎప్పుడూ నచ్చలేదు. పేగులూ తుక్కూ కుక్కలకు వేసి రుచి మరిగిస్తున్నాడేమోనని వారం రోజులు కూరగాయలకు వెళ్లే వంకతో దుకాణం ముందు నాలుగుసార్లు తిరిగాను. పాపం, అతను తుక్కంతా డబ్బాలో వేసి మూత పెట్టి, మీద బండరాయి కూడా పెడుతున్నాడు. దానికీ ఓ కారణం వెతికాను. నేను చూస్తున్నానని పెడుతున్నాడనుకున్నాను.

ఆ తర్వాత ఎదురింటి ఆంటీ దొరికింది. ఆ కుటుంబం గుంటూరు వైపు నుంచి వచ్చి రెండేళ్లయింది. మొదటి అంతస్తులో అద్దెకుంటారు. ఆమె రోజూ సాయంత్రం నాలుగింటికి స్టీలు గిన్నెలో అన్నం, దానిలో కోడి ఎముకలు కలిపి గేటు ముందు పెడుతుంది. గల్లీలోవే కాక పక్క గల్లీ కుక్కలూ వస్తాయి. నేను కిటికీ పరదా వెనక నిలబడి లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు ఏడు, ఒకరోజు తొమ్మిది. తిన్నాక అవి మా ఇంటి పక్క సందులోకే ఎందుకు తిరుగుతాయి? ఆమె పైనుంచి మా దొడ్డి వైపే ఎందుకు చూస్తుంది? ముక్కు పట్టుకుని కిటికీ మూసుకోవడం నేను కళ్లారా చూశాను. గొర్రెలు పోవాలని ఈ గల్లీలో అందరికంటే ఎక్కువ కోరుకునేది ఆమేనని నాలో నేను తీర్పు చెప్పేసుకున్నాను.

అత్తమ్మకు కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమెకు ఎవరి మీదా చెడు తలవడం రాదు. నేనే నేర్పాను.

ఇటు కాపలా కూడా పెంచాను. తుమ్మకంప తెచ్చి రేకుల చుట్టూ కట్టాను. ఖాళీ పాలడబ్బాల్లో గులకరాళ్లు పోసి తాడుకు వేలాడదీశాను. వాటి చప్పుడుకు కుక్కలు బెదిరాయో లేదో గానీ గొర్రెలు మాత్రం రెండు రోజులు మేత ముట్టలేదు. "నువ్వు కుక్కలను ఎల్లగొడుతున్నవా, నా జీవాలనా" అంది అత్తమ్మ. ఎన్నో రోజులకు ఆమె మొహంలో నవ్వు కనిపించిందని డబ్బాలు విప్పేశాను.

రెండోసారి పట్టపగలే వచ్చాయి. మధ్యాహ్నం మూడు దాటింది. నేను మిద్దె మీద బట్టలు తీస్తున్నాను. అత్తమ్మ కేక విని మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. మూడు కుక్కలు లోపలున్నాయి. ముందురోజే ఈనిన గొర్రెను ఒకటి తొడ దగ్గర పట్టుకుని లాగుతోంది. గొర్రె పిల్లకు అడ్డంగా నిలబడి ఉంది, కదలడం లేదు. అత్తమ్మ కర్రతో గాలిని కొడుతోంది, ఆమెకు కుక్క ఏదో గొర్రె ఏదో తెలియడం లేదు. నేను చేతికందిన బకెట్ విసిరాను. అవి వచ్చిన దారినే, అదే మూల రేకు కిందనుంచి పోయాయి.

పశువుల డాక్టరు వచ్చి తొడకు కుట్లు వేశాడు. బతుకుతుందన్నాడు. మా ఆయన మాత్రం డ్యూటీ నుంచి వచ్చి, గాయం చూసి, బట్టలైనా మార్చుకోకుండా ఫోన్ చేశారు. ఆదివారం పొద్దున మటన్ దుకాణం ఆయన ఆటో ట్రాలీ తెస్తాడు, అన్నిటినీ ఎక్కిస్తాడు. అత్తమ్మ గడప మీద కూర్చుని అదంతా విన్నది. ఆమె ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

నా కోపమంతా ఎదురింటి మీదికి మళ్లింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఆమె గిన్నెతో దిగేసరికి గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను.

"ఆంటీ, మీరు ఎముకలు ఏస్తుంటెనే గవి గిట్ల మర్గినయ్. మా జీవాలు సచ్చినా మీకు ఏం తక్లీఫ్ లేదు గదా."

"అదేంటమ్మా అలా మాట్లాడతారు? కడుపు నిండితే అవి ఎవరి జోలికీ పోవనే కదా నేను పెట్టేది."

"మాకు తెల్వదనుకోకుండ్రి. మీకు వాసన పడది. కిటికీలు మూసుకునుడు చూస్తనే ఉన్న."

గల్లీలో నలుగురు చేరారు. ఆమె మొహం ఎర్రబడింది. "మా ఆయనకి ఆయాసమమ్మా, అందుకు మూస్తాను" అని మెల్లగా చెప్పి, గిన్నె తీసుకుని పైకి వెళ్లిపోయింది. ఆ తర్వాతి రోజు నుంచి అన్నం పెట్టడం మానేసింది. నేను గెలిచాననుకున్నాను. కుక్కలు మాత్రం నాలుగింటికి వచ్చి ఆమె గేటు ముందు కూర్చునేవి. కాసేపు చూసి, లేచి, మా సందులోకి వచ్చేవి.

శనివారం మా ఆయన డ్యూటీకి వెళ్లాక, ఉన్న ఒక్కరోజైనా ఆ మూల గట్టిగా మూద్దామని పార తీసుకుని కూర్చున్నాను. మొదటిసారి వేసిన రాళ్లన్నీ పక్కకు పడి ఉన్నాయి. గుంతలో మట్టి తోడుతుంటే పారకు ఏదో గుడ్డ తగులుకుంది. లాగాను. నా పాత పసుపు జాకెట్టు ముక్క. నోటితో చీల్చినట్టుంది, మధ్యలో ఏమీ లేదు. ఇంకాస్త తోడితే మా ఆయన పాత లుంగీ ముక్క వచ్చింది. అదీ అంతే.

నేను పార వదిలేశాను. ఆ రెండూ నా చేత్తో చుట్టి పాతినవే.

అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. గొర్రె ఈనాక పడే మాయను బయట పారేయరు. గుడ్డలో చుట్టి, పసుపు కుంకుమ వేసి, దొడ్డిలోనే ఈశాన్యం మూలన మోకాల్లోతు తవ్వి పాతిపెడతారు. అలా చేస్తే ఆ జీవం ఎంత దూరం పోయినా దొడ్డికి తిరిగి వస్తుందని వాళ్ల నమ్మకం. ఇన్నేళ్లూ ఆ పని ఆమే చేసేది. చేతుల్లో సత్తువ తగ్గాక, ఆ చలికాలమే మొదటిసారి గడ్డపార నాకిచ్చింది.

నేను జానెడు తవ్వేసరికి గడ్డపార ఖంగుమంది. నిరుడు డ్రైనేజీ పైపు వేసినవాళ్లు కింద కాంక్రీటు పోసి, పైన ఇంత మట్టి కప్పిపోయారు. అత్తమ్మ పక్కనే నిలబడి ఉంది.

"జెర ఇంకింత తవ్వు బిడ్డా."

"చాలత్తమ్మా, మస్తు లోతున్నది," అన్నాను. పొయ్యి మీద అన్నం ఉంది. ఆమెకు ఎలాగూ కనపడదు. జానెడు గుంతలో పెట్టి, మట్టి కప్పి, తొక్కి వచ్చేశాను. పదిరోజులకు ఆ పిల్లే చచ్చింది. రెండో గొర్రె ఈనినప్పుడూ రాళ్లు కాస్త జరిపి, అదే గుంత, అదే తొందర. మర్నాడే వచ్చి దాన్ని పట్టుకున్నాయి. నెత్తుటి రుచి వాటికి మప్పింది ఎదురింటామె కాదు, దుకాణం ఆయనా కాదు. నేను. గల్లీ అంతా వెతికాను గానీ నా చేతులు చూసుకోలేదు.

ఆ గుడ్డలు రెండూ పొయ్యిలో వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. అబద్ధమెందుకు, కొంగులో చుట్టి పొయ్యి దాకా వెళ్లాను కూడా. ముందు గదిలో అత్తమ్మ మంచం మీద కూర్చుని, కిటికీ వైపు మొహం పెట్టి ఎదురింటామెను తిడుతోంది. ఆమె నోట నేను ఎన్నడూ తిట్టు వినలేదు. "దాని ఇల్లు పాడుగాను, నా పిల్లను తినబెట్టిచ్చింది," అంటోంది. ఆ మాటలు నేను నేర్పినవే.

మా ఆయన వచ్చేదాకా ఆగాను. ఇద్దరి ముందూ గుడ్డ ముక్కలు పెట్టి జరిగింది చెప్పాను. లోతుందని అబద్ధం చెప్పిన మాట కూడా దాచలేదు.  "జీవాలది ఏం తప్పు లేకపాయె," అని మా ఆయన లేచి, ట్రాలీ వద్దని ఫోన్ చేశారు. అత్తమ్మ జాకెట్టు ముక్కను వేళ్లతో తడిమి చూసింది.  తర్వాత లేచి గొర్రెల దగ్గరికి పోయింది.

ఆదివారం ఎదురింటికి వెళ్లాను. తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది ఆంటీ.

"ఇంకేం చేశాయమ్మా మా కుక్కలు?"

చెప్పాను. తప్పు నాదేనని, అన్నం మళ్లీ పెట్టమని అడిగాను. ఆమె వెంటనే నమ్మలేదు. "పెట్టాక మళ్లీ పదిమందిలో నిలబెట్టరుగా?" అని అడిగింది.  నాలుగు రోజుల తర్వాత గిన్నె మళ్లీ కనపడింది గానీ, మా గేటుకు దూరంగా, గల్లీ చివర పెడుతోంది. పెట్టి తిరిగి వెళ్లేటప్పుడు మా కిటికీ వైపు ఒకసారి చూస్తుంది. నేను పరదా వెనక ఉన్నానేమోనని.

మా ఆయన మూల మొత్తం సిమెంటు చేయించారు. మాయ పాతడానికి ఇంటి ముందు జామచెట్టు మొదట్లో జాగా చూశాం. మిగిలిన చూడి గొర్రె వేసవి మొదట్లో ఓ సాయంత్రం ఈనింది. గడ్డపార తీసుకుని నేనే తవ్వాను. మోకాల్లోతు వచ్చిందనుకున్నాక ఆగి, "అయిందత్తమ్మా" అన్నాను.

అంతకుముందైతే ఆ మాటతో అయిపోయేది. అత్తమ్మ గుంత అంచుకు వచ్చి, మెల్లగా వంగి, తన చేతికర్రను లోపలికి దించింది. అడుగు తగిలాక, గుంత అంచు దగ్గర కర్రను బొటనవేలితో పట్టుకుని, పైకి తీసి, తన మోకాలి పక్కన పెట్టి చూసుకుంది. వేలు మోకాలికి ఇంకా బెత్తెడు కిందే ఉంది.

"జెర ఇంకింత తవ్వు," అంది. ఈసారి చివర బిడ్డా అనలేదు. నేను తవ్వాను.