నోరు మూసుకొని పులిసేది

ఈ సాయంత్రం పక్కింటాయన డాబా మీదికి పిలిచి తాను చేస్తున్న బీరు చూపించాడు. పేరు రాయను, ఇంట్లో బీరు చేయడం నేరమని మీకు తెలుసు. బార్లీని మొలకెత్తించి, మన కడప ఎండలో ఎండబెట్టి, బరకగా ఆడించాడట. వేడినీళ్ళలో నానేసి వడగట్టి, ఆ తియ్యటి నీళ్ళను హాప్స్ అనే చేదు పువ్వులతో కాచాడట. చల్లారాక ఈస్ట్ కలిపి డబ్బాలో పోశాడు.

"ఇంగ మూత ముట్టగూడదు సార్. నోరు మూసుకొని ఉంటేనే పులుస్తాది."

మెట్లెక్కి వస్తూ ఆయన భార్య అందుకుంది. "ఆ మాట నీగ్గూడా చెప్పాల. పొద్దన్నుంచీ ఒగటే వాగుడు. ఇడ్లీ గిన్నె యాడయ్యా? దాంట్లోనే కాచినావా?"

ఆయన నవ్వి, పోయిన విడత చేసిన బీరులో నురగ కోసం చక్కెర వేసి మూత బిగించిన సీసా తీసి ముందు ఆమెకే పోశాడు. "థూ, శానా చేదుండాది" అంటూనే ఆమె ఇంకో గుక్క తాగింది.

నాకూ ఇచ్చారు. బాగుంది. అయినా వాళ్ళిద్దరినీ చూస్తే కుళ్ళు పుట్టింది. నా భార్య పోయాక నన్ను నోరు మూసుకోమనే మనిషి లేదు. రోజంతా నా నోరు దానంతటదే మూసుకొని ఉంటోంది. ఆయన లెక్కన నేనీపాటికి బాగా పులిసి ఉండాలి.

మీ ఇంట్లో మీ నోరు మూయించేదెవరు? ఈ పూట వాళ్ళతో ఇంకాస్త ఎక్కువ వాగండి.