నువ్వుల ఉండల పండుగ

మా అమ్మాయి ఇంట్లో వాగుడుకాయ. గడప దాటిందంటే మూగనోమే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మహారాష్ట్రలో ఉన్నా ఇళ్లలో తెలుగే మాట్లాడే మా సిరొంచలో, దాన్ని మరాఠీ బడిలో వేశాం. నెలలు గడిచినా దానికి ఒక్క స్నేహితురాలు లేదు. ఆటల వేళ గోడకు ఆనుకొని, మిగతా పిల్లలను చూస్తూ ఉంటుందని పంతులమ్మ చెప్పింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సంక్రాంతికి అక్కడి బడుల్లో పిల్లలు ఒకరికొకరు నువ్వుల ఉండలు ఇచ్చుకుంటారు. ఇచ్చేటప్పుడు, ఇది తిని తియ్యగా మాట్లాడమని మరాఠీలో ఒక మాట అనాలి. మా ఇళ్లలో లేని ఆచారం, బడితోపాటు వచ్చింది. ఇదే అదను అనుకున్నాను. బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టాను. దాని చేత ఆ మాట వల్లె వేయించాను. నాకు చెప్పింది, నాయనమ్మకు చెప్పింది, దొడ్లో బర్రెకు కూడా గట్టిగా చెప్పింది.

తీరా ఆ రోజు అత్తమ్మా నేనూ బడి గోడ అవతల నిలబడి చూస్తే, మా అమ్మాయి డబ్బా గుండెకు హత్తుకొని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. ఎవరైనా ఉండ చేతిలో పెడితే తీసుకుంటుంది, నోరు మాత్రం విప్పదు. నాకు ఒళ్లు మండింది. లోపలికి పోబోతే అత్తమ్మ నా కొంగు పట్టుకుంది.

"ఆగు బిడ్డా, పొల్లను పరేషాన్ జెయ్యకు."

గోడ పక్కనే నీళ్ల నల్లా దగ్గర ఇంకో పిల్ల ఒంటరిగా ఉంది. పాతగూడెం వైపు అడవి ఊరి నుంచి కొత్తగా వచ్చింది. ఇంట్లో గోండీ మాట్లాడతారు, తెలుగు ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. ఉండలు తెచ్చుకోమని ఎవరూ చెప్పలేదేమో, చేతులు ఖాళీగా ఉన్నాయి. మా అమ్మాయి కాసేపు దాన్నే చూసింది. తర్వాత మెల్లగా వెళ్లి డబ్బా మూత తీసింది. ఆ పిల్ల ఒకటి తీసుకొని ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుంది.

"తిను. ఇగ ఇంకోటి తీస్కో, గాళ్లకియ్యాలె," అంది మా అమ్మాయి.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపి వెనక్కి జరిగింది. మా అమ్మాయి దాని చెయ్యి పట్టుకొని పిల్లల గుంపు దగ్గరికి లాక్కుపోయింది. గోడ అవతల ఉన్న నాకు కూడా వినపడేలా అంది:

"ఇగో, ఈమె ఇస్తది, తీస్కోండ్రి. పాపం, ఈమెకు జర సిగ్గెక్కువ."