కిటికీలో దిండు

తెల్లారేసరికి దెసాంక ఇంటి కిటికీలో దిండ్లు, బొంతలు వేలాడకపోతే ఆమెకు జ్వరమొచ్చిందనుకునేది మా వీధి. డాన్యూబ్ ఒడ్డున మా పట్టణంలో ఇల్లాలి శుభ్రతకు కొలత అదే. పక్కబట్టలకు గాలి తగలాలి, అది నలుగురికీ కనబడాలి.

దెసాంక కూతురు నెవెనకు తొమ్మిదేళ్ళు. ఆటిజం, మాట లేదు. వేసవంతా మెట్ల మీద కూర్చుని గుండీలు పేర్చుకునే పిల్ల, ఆగస్టు చివరికల్లా మరో మనిషయ్యేది. నుదురు దిండుకేసి కొట్టుకునేది, మణికట్టు కొరుక్కునేది. అప్పటికి రైలు కట్ట పొడుగునా అంబ్రోజియా కలుపు పూసి సగం ఊరు తుమ్ముతుండేది. ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు. బడి తెరిచేదీ అప్పుడే కదా. కారణం చేతికి దొరికాక ఇంకా వెతకడమెందుకు?

తల్లి మనసుకు అన్నీ తెలుస్తాయనే మాట నేను నమ్మను. దెసాంకకు తెలియలేదు. పిల్లకు చెమట చిరాకనుకుని, ఆ దిండును సాయంత్రాలు కూడా కిటికీలో వేసింది.

ఆ సెప్టెంబరులో నెవెన తోటిపిల్ల చెవి కొరికింది.

"పోయినేడూ ఇదే గొడవ దెసాంకగారూ. ఇక మావల్ల కాదు," అంది పంతులమ్మ.

"కొన్నాళ్ళు ఓపిక పట్టండమ్మా. చలి పడితే అదే సర్దుకుంటుంది."

"చలికీ కొరకడానికీ ఏంటండీ సంబంధం?"

నెవెనను పక్క జిల్లాలోని వసతి గృహానికి పంపేశారు.

ఆ వారమే పొరుగింటి యూలిష్క కాఫీకి వచ్చింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏమే, పొద్దున్నే సారా పట్టించావా?"

"నీ మొహం! అంబ్రోజియా. ముక్కులో చీమలు పాకినట్టుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోందే. నాకు నోరుంది గనక తిట్టిపోస్తున్నా. దిండ్లు బయట వెయ్యొద్దంది డాక్టరమ్మ. పుప్పొడంతా వాటికే పడుతుందట."

పొయ్యి మీద కాఫీ పొంగి మంట ఆరిపోయింది. దెసాంక చూపు కిటికీలోని దిండ్ల మీదే ఉంది.

ఆదివారం బస్సెక్కి వెళ్ళింది. వసతి గృహం మంచిదే. గోడలకు కొత్త సున్నం, ప్రతి కిటికీలో తెల్లటి దిండ్లు. వెనక దొడ్డి నిండా అంబ్రోజియా.

"మా నెవెన దిండు లోపల పెట్టండమ్మా, దండం పెడతాను. పిల్లకు పడదు. డాక్టరుకు చూపించండి," అంది ఆయాతో.

"గాలి తగలని దిండు మీదా పడుకోబెట్టేది? మీ ఇంట్లో అలాగేనా?"

వీధి మొత్తానికి శుభ్రత నేర్పిన దెసాంక తల దించుకుని, "అవును, అలాగే," అంది. తనే వెళ్ళి దిండు తీసి గలీబు విప్పింది. తెచ్చిన గలీబు తొడిగింది. తడిగుడ్డతో నెవెన కళ్ళు, ముక్కు తుడిచింది. పిల్ల ఆ గుడ్డను మొహానికి అదుముకుని వదల్లేదు.

బస్సు వేళయింది. గేటు దాటి వెనక్కి చూసింది. ఆయా కిటికీ తెరిచి, కొత్త గలీబు దిండును రెండు చేతులా బాగా దులిపి, ఎండలో వేసింది.