అయిదుంబావుకి వెళ్ళిపోయే పిల్ల

కరోనా తర్వాత బళ్ళు పూర్తిగా తెరిచిన రెండో ఏడు, జూలైలో, నన్ను కోనసీమలోని ఒక మండలానికి విద్యాశాఖాధికారిగా వేశారు. జనం నోట్లో ఎం.ఈ.ఓ. మండలంలోని ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలన్నీ ఆ కుర్చీ కిందికి వస్తాయి. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. అంతవరకూ ఆలమూరు వైపు హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి కాబట్టి, పిల్లల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని గట్టి నమ్మకం ఉండేది.

చేరగానే అప్పగించిన పని సాయంత్రం చదువు కేంద్రాలు. బళ్ళు మూతబడ్డ కాలంలో చదవడం మర్చిపోయిన పిల్లల్ని బడి విడిచాక నాలుగుంబావు నుంచి ఆరు దాకా కూర్చోబెట్టి చదివించాలి. ముందు ప్రతి పిల్లనీ పరీక్షించి అక్షరం, పదం, వాక్యం, పేరా అని నాలుగు మెట్లలో ఏ మెట్టు మీద ఉందో రాసుకుంటాం. కేంద్రానికి నలభై మంది. గుగ్గిళ్ళు పెడతారు. చదివించడానికి ఆ ఊరి డిగ్రీ పిల్లే ఒకరు వాలంటీరుగా ఉంటారు.

నలభై దాటి వచ్చినవాళ్ళ పేర్లు వేరే జాబితాలో ఎదురుచూస్తుండేవి. అందుకని ఒక నియమం పెట్టాను. చివరి గంట కొట్టకముందే వెళ్ళిపోతే సగం హాజరు. నెలలో ఆరు సగాలు పడితే పేరు తీసేసి, జాబితాలో ఉన్న పిల్లని చేర్చుకోవడం. శిక్షణ రోజున వాలంటీర్లు ఒకరి తర్వాత ఒకరు లేచి ఈ పిల్లకి జ్వరం, ఆ పిల్లాడింట్లో పెళ్ళి అంటుంటే నాకు విసుగొచ్చింది. కారణాలు నాకొద్దు, హాజరు చెప్పండి చాలు అన్నాను. అప్పుడు నాకది చాలా గొప్ప మాటలా తోచింది.

ఆగస్టు ఆఖర్న ఒక కేంద్రం నుంచి వచ్చిన హాజరు పట్టీలో కెజియా అనే అయిదో తరగతి పిల్లకి వరసగా సగాలే కనిపించాయి. రోజూ అయిదుంబావుకి వెళ్ళిపోతోంది. జూలైలో పదాల మెట్టు మీద ఉన్న పిల్ల అప్పటికే వాక్యాలకి వచ్చింది. ఆ సంగతీ పక్క గడిలోనే ఉంది. చూశాను, కానీ నియమం నియమమే అనుకుని మిగతా పేర్లతోపాటు సంతకం పెట్టేశాను. ఇంటికి పంపే చీటీ నేనే రాయించాను: ‘క్రమం తప్పినందున మీ పిల్ల పేరు తొలగించడమైనది.’

పది రోజులకి మరియమ్మ గారని ఒక పెద్దావిడ ఆఫీసుకి వచ్చారు. కెజియా అమ్మమ్మ. సీటు కోసం బతిమాలడానికి వచ్చారనుకుని, ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకున్నాను. ఆవిడ సంచిలోంచి తీసింది టి.సి. కాగితం. ఏడాది మధ్యలో జిల్లా దాటి వెళ్ళే పిల్లకి హెడ్మాస్టరు సంతకం మీద నా సంతకం కూడా కావాలి. పిల్లని దూరంగా హాస్టల్లో వేస్తున్నామన్నారు. ఎందుకమ్మా అని అడిగాను.

“పేరు తీసేసేరు కదండీ. వాళ్ళమ్మ భయపడిపోయిందండి, బళ్ళోంచే తీసేసేరని. కువైట్‌లో ఉంటాదండి, ఇంటి పనికెళ్ళింది. మా పాస్టరు గారి చేత చెప్పించి హాస్టల్లో సీటు పెట్టించిందండి.”

కువైట్ దాకా ఆ చీటీ సంగతి ఎలా వెళ్ళిందని అడిగాను.

“పిల్లే చదివి వినిపించిందండి, ఫోన్లో. ఒక్క తప్పు లేకుండా చదివిందండి.”

రోజూ అయిదుంబావుకి ఎందుకు వెళ్ళిపోయేదని అడిగాను. కూతురు పనిచేసే ఇంటి యజమానురాలు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నప్పుడే ఫోను చేతికిస్తుందట. అక్కడ మూడు, మనకి అయిదున్నర. ఆ వీడియో కాలు ఎత్తడం మరియమ్మ గారికి రాదు. పిల్ల ఇంటికి చేరకపోతే ఆ రోజుకి మాటల్లేవు.

పేరు మళ్ళీ రాస్తాను, కేంద్రం వేళ మారుస్తాను, పిల్లని పంపకండి అన్నాను. బతిమాలడం నా వంతయింది.

“ఆయ్” అన్నారావిడ, ఎంతో మర్యాదగా. “కానీ అక్కడ మాటిచ్చేసేమండి. సంతకం పెట్టెయ్యండి, బస్సుంది.”

హాస్టల్లో ఫోను ఉంటుందా అన్నాను. ఆదివారం సాయంత్రం ఆరు దాటాక ఇస్తారట. ఆ వేళకి కూతురి చేతిలో ఫోను ఉండదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కాగితం ఆపడానికి నా దగ్గర ఏ నియమమూ లేదు. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రమే కెజియా చదివిన కేంద్రానికి వెళ్ళి వాలంటీరు దుర్గని నిలదీశాను.

“మొదటి వారం నుంచీ తెలుసండి” అంది. “కారణాలొద్దని మీరే అన్నారు కదండీ.”

కోప్పడబోయి ఊరుకున్నాను. పట్టీ తీయించి సగం హాజరు పిల్లల గురించి ఒక్కొక్కరినీ అడిగితే ఇంకో అయిదుగురిదీ అదే కథ. ఎవరి అమ్మో, నాన్నో గల్ఫ్ దేశాల్లో ఉన్నారు; ఫోను వారానికి ఒకసారే కాబట్టి వాళ్ళకి ఆరు సగాలు పడలేదంతే. వారంలో కేంద్రం వేళ అయిదుంబావుకి ముగిసేలా మార్చాను. గుగ్గిళ్ళు కూర్చున్న చోటికే ఇప్పిస్తే, వాటి కోసం వరసల్లో నిలబడితే పోయే వేళ చాలావరకు కలిసొచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా మిగతా పిల్లలకి పనికొచ్చాయి. సగాలు పోయాయి. జిల్లా సమీక్షలో మా మండలాన్ని నిలబెట్టి మెచ్చుకున్నారు. సిగ్గేసింది, కానీ లేచి నమస్కారం పెట్టి కూర్చున్నాను.

ఆ తర్వాత హాజరు పట్టీలో కారణం అని ఒక గడి గీయించాను. నా తర్వాత వచ్చినవారు ఉంచారో తీసేశారో తెలియదు. ఈ పనిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. సాయంత్రం వేళ పిల్ల మనది కాదు, ఇంటిది. ఆ వేళని మనం అడిగి తీసుకుంటున్నాం. అందుకని పేరు కొట్టేసే ముందు ఆ ఇంటికి వెళ్ళి అడగాలి. మా ఆఫీసు నుంచి మరియమ్మ గారి ఇల్లు బండి మీద పది నిమిషాలు. నేను వెళ్ళలేదు.