ఆరో పోగు

లంబాలైన్‌లో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, ఈ కథ చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. "కూతురి సీటు తల్లి లాగేసుకుని నార్వే ఎక్కేసింది" అంటుంది. ఆమె ఇల్లు మా ద్వీపపు ఎయిర్‌పోర్టు గోడ పక్కనే. మధ్యలో విమానం దిగితే నోరు మూసుకుని ఆగుతుంది, మోత తగ్గగానే ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లీ అందుకుంటుంది. విన్నవాళ్లంతా తల తిప్పి నన్ను చూస్తారు. నలభై ఆరేళ్ల ఆడది, బళ్లో సైన్సు చెప్పుకునేది, ఎమ్మెస్సీ చదవడానికి పరాయి దేశం పోవడమే వాళ్ల లెక్కలో ఒక తప్పు. అదీ కన్నకూతురి చేతిలోది లాక్కుని!

ఒక్క వాక్యంలో ఇన్ని అబద్ధాలు పట్టించడం వదినకే చేతనవును. సీటు కూతురిది కాదు, నాది. నా పేరు మీదే వచ్చింది. నేను లాక్కోలేదు. ఇక 'ఎక్కేసింది' అన్న మాట. వీసా వేలిముద్రలకి చెన్నై, కాగితం ఒకటి తక్కువైందంటే మళ్లీ చెన్నై. ఎక్కేయడానికి అదేమన్నా పక్కనున్న ప్రోతరాపూర్ పోయే బస్సా?

అయితే వదినకి తెలియనిది ఒకటుంది, అది నేనే చెప్తాను. ఆ కోర్సు వెతికి పట్టుకున్నది నేనే, మా అమ్మాయి కోసం. చేపల మీద బతికే ఊళ్ల గురించి చదివే చదువు అది. ఎంపికైతే ఖర్చంతా వాళ్లదే. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ ద్వీపాలకి వచ్చి వల వేసినవాళ్లు. మాకంటే ఎవరికి కావాలి ఆ చదువు? పిల్ల డిగ్రీ అయిపోయి ఇంట్లో ఫోను చూసుకుంటూ కూర్చుంది. వెంటపడ్డాను. అన్నం దగ్గర అదే మాట, బట్టలు ఆరేసే దగ్గర అదే మాట. అది విసిగిపోయి "ఠీక్ హై, అప్లై చేస్తా, ఇక చాలు" అంది.

మీ ప్రాంతం గురించి ఏదైనా చెబుతూ, ఈ చదువు ఎందుకు కావాలో రాయమన్నారు. మా వాళ్లు చేపలు పంచుకునే పద్ధతి గురించి రాసింది. రాసింది ఇంగ్లీషులో, మాకు వినిపించింది తెలుగులో. "పడవ ఒడ్డుకి వచ్చాక చేపలను అందరూ సమానంగా పంచుకుంటారు."

"సమానంగానా? ఎవరు చెప్పారే నీకు?" అన్నాను.

"లిఖ్‌నే దో నా అమ్మా, రాయనీ. సమానం అంటే వాళ్లకి నచ్చుద్ది."

"నచ్చుతుందని అబద్ధం రాస్తావా?"

మంచం మీద నుంచి మా అత్త లేచి కూర్చుంది. "ఒలమ్మో, సమానమేటి! ఏనాడైనా రెండు పోగులు ఒక్కలాగున్నాయేటే?"

మా పద్ధతి ఇదీ. అమ్మే చేపలు అమ్మేశాక, ఇళ్లల్లో కూరకని ఉంచుకున్నవి ఇసకలో పోగులు పెడతారు. వేటకి పోయినవాళ్లు ఎంతమందో అన్ని పోగులు, పడవకి ఇంకొకటి. ఒకామె సముద్రానికి వీపు పెట్టి, కొండవైపు చూస్తూ నిలబడుతుంది. ఇంకొకరు పుల్లతో ఒక పోగుని తాకి "ఇదెవరిది?" అని అడుగుతారు. ఆమె చూడకుండా ఒక పేరు చెప్తుంది. ఆ పోగు ఆ ఇంటిది. అంతే, ఇక గొడవ లేదు. పడవ పోగు ఆరోజు వేటకి పోలేకపోయిన వాళ్లింటికి వెళ్తుంది. జ్వరమో, బాలింతో, ఏదో ఒకటి ఉంటుంది కదా.

కొండవైపు తిరిగి నిలబడే పని చాలా ఏళ్లు మా అత్తదే. అందులో ఒక కిటుకుంది. పిల్లలెక్కువున్న ఇంటికి పెద్ద పోగు పోవాలనుకుంటే, పుల్ల పట్టుకున్నామె ఆ పోగుని తాకినప్పుడు చిన్నగా దగ్గేది. దగ్గు వినగానే అత్త ఆ ఇంటి పేరు చెప్పేది. ఒడ్డున ఉన్న అందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ పైకి అనరు. ఎందుకంటే రేపు తమ ఇంటికీ ఎవరో ఒకరు దగ్గాల్సి రావచ్చు.

"అసలు కథ ఆ దగ్గులో ఉందే!" అన్నాను మా అమ్మాయితో. "సమానం అని రాసి దాన్ని ముంచేశావు."

"అంత తెలిస్తే నువ్వే రాసుకో" అని లాప్‌టాప్ నావైపు తోసేసింది.

రాశాను. మూడు సాయంత్రాలు కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషులో, దగ్గుతో సహా రాశాను. మా అమ్మాయి అంతా చదివి ఏమీ అనలేదు. నేనేం చేసినా వంక పెట్టే పిల్ల ఊరుకుందంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. తర్వాత ఒకరోజు "నీ డిగ్రీ సర్టిఫికెట్లు ఏవి అమ్మా?" అంది. ఎందుకే అంటే, స్కాన్ ఎలా వస్తుందో చూడాలంది. ఇంకోరోజు నా పాస్‌పోర్టు అడిగింది. బడి తరఫున ఎక్కడికో తీసుకెళ్తామని ఆశపెట్టినప్పుడు చేయించుకున్నది, ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో ఉంది. ఇచ్చాను. సైన్సు టీచరుని, కళ్లెదుట జరిగేది గమనించండని పిల్లలకి చెప్పుకునేదాన్ని!

ఇంటర్వ్యూకి పిలుపు నా పేరు మీద వచ్చింది.

"ఏంటే ఇది?"

"ఇంటర్వ్యూ."

"నాకా?"

"నువ్వు రాసింది జతచేసి నీ పేరు మీద ఫారం కూడా పెట్టా. మీ హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ ఉత్తరం కూడా ఇచ్చారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించా."

"మరి నీది?"

"నాది రిజెక్ట్ అయింది. చలో, ఇంట్లో ఒక్కరికైనా వచ్చింది కదా" అంది, పచ్చిమామిడి ముక్క ఉప్పూకారంలో అద్దుకుంటూ.

పోనన్నాను. నా దగ్గు కథ వల్లే దానికి రాలేదని, నేను రాసిన దాని పక్కన అది రాసింది వెలవెలబోయిందని అనుకున్నాను. మూడు రోజులు మా ఇంట్లో అరుపులే. మా ఆయన ద్వీపాల మధ్య తిరిగే షిప్పులో ఇంజన్ పని చేస్తారు. ఆయన డ్యూటీ దిగి వచ్చి ఇరువైపులా విని, "నేను నెలలో సగం రోజులు నీళ్ల మీదుంటాను, ఎందుకెళ్తున్నావని నన్నెవరూ అడగలేదు. నువ్వూ ఎల్లు" అని స్నానానికి పోయారు.

అత్త మాత్రం కూర్చోబెట్టి అడిగింది. "అక్కడ చేప దొరుకుద్దా?"

"ఆ దేశమే చేపల మీద నడుస్తుంది అత్తా."

"మరింకేటి! ఎల్లు."

ఇంటర్వ్యూలో నెట్ రెండుసార్లు పోయింది. మూడోసారి దొరికినప్పుడు, మళ్లీ పోతుందేమోనన్న భయంతో అడిగిన మూడు ప్రశ్నలకీ కలిపి ఒకే గుక్కలో జవాబు చెప్పేశాను. ఎంపికయ్యాను. బడికి సెలవు పెట్టాను.

నార్వే ఉత్తరాన ఒక చిన్న ఊరు. అక్కడ దిగాక నేను చూసిన మొదటి వింత మంచు కాదు. కర్రల పందిళ్ల మీద, తోకలకి తాడు కట్టి జంటలు జంటలుగా వేలాడదీసిన చేపలు. ఎండబెట్టడం మాకు కొత్తా? కానీ ఉప్పు చల్లలేదు! అక్కడే నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశాను.

"ఉప్పెయ్యలేదేటి?" అత్త ఫోను ముక్కుకి ఆనించుకుని చూసింది. "పురుగు పట్టదూ?"

"ఈ చలికి ఇక్కడ ఈగే లేదు అత్తా."

"ఈగల్లేని ఊరా! అయితే నువ్వక్కడే ఉండు, నన్నూ రప్పించు."

చలి సంగతి అందరూ చెప్తారు, నేను చెప్పను. నాకు బాగుంది. ఇరవై ఏళ్లు బోర్డు మీద రాసి చెప్పినదాన్ని మళ్లీ బెంచీ మీద కూర్చోవడం ఎంత సుఖమో చెప్తాను. ఎవరి అల్లరీ ఆపక్కర్లేదు. గంట కొడితే హాజరు వేయక్కర్లేదు. పైగా వాదిస్తే అక్కడ మార్కులిస్తారు! మా ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టిన అలవాటే అక్కడ చదువు. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. మొదటివారమే 'దీదీ' అని పిలవడం నేర్పేశాను.

అయిదుగురం కలిసి ఒక చిన్న రేవు గురించి రిపోర్టు రాసి, క్లాసుకి చెప్పాలి. జాలర్లతో మాట్లాడే పని అందరికీ కావాలి, పట్టికలు వేసే పని ఒక్కరికీ వద్దు. రెండు రోజులు వాదులాట. నాకంటే గట్టిగా వాదించేవాళ్లు అక్కడే దొరికారు. చివరికి విసుగొచ్చి, పనులన్నీ చీటీల మీద రాసి, తేలికవీ కష్టమైనవీ కలిపి బల్ల మీద పోగులు పెట్టాను. ఘానా నుంచి వచ్చిన ఆయన్ని కిటికీ వైపు తిప్పి నిలబెట్టాను. పెన్సిలు ఒక పోగు మీద పెట్టి "ఇదెవరిది?" అన్నాను. ఆయన చూడకుండా పేరు చెప్పాడు. అయిదు పేర్లూ అయిపోయాయి. బల్ల మీద ఇంకో పోగు మిగిలింది.

అందరూ నన్ను చూశారు. నేను పోగుని చూశాను. చేతులు అలవాటుగా పెట్టేశాయి మరి!

"ఇదెవరిది?" అంది ఫిలిప్పీన్స్ అమ్మాయి.

"పడవది" అన్నాను, వేరే ఏం చెప్పాలో తెలీక.

"పడవేది?"

బల్లలు గుద్దుకుంటూ నవ్వారు. ఘానా ఆయన మాత్రం నవ్వకుండా వెనక్కి తిరిగి, "మా ఊళ్లోనూ పడవకి వాటా ఉంది. దాన్ని ముట్టుకోకండి" అన్నాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది.

ఆరో పోగులో చీటీ తీసి చూస్తే, ఎవరికీ ఇష్టంలేని పని. క్లాసు ముందు నిలబడి మాట్లాడటం. "పడవ మాట్లాడలేదుగా దీదీ" అంది ఫిలిప్పీన్స్ అమ్మాయి, "తెచ్చినావిడే మాట్లాడాలి." మాట్లాడాను. పావుగంట ఇస్తే ముప్పావుగంట మాట్లాడాను. ఎవరూ ఆపలేదు.

దాని తర్వాతే జరిగింది అసలుది. మా కోర్సు చూసే పెద్దావిడ కాఫీ కప్పుతో వచ్చి, "మీ దగ్గు కథ చదివినప్పుడే అనుకున్నాను, ఈమె రావాలని. మీ ద్వీపాల నుంచి మాకు వచ్చిన మొదటి అప్లికేషన్ మీదే" అంది.

"రెండు కదా వచ్చాయి?" అన్నాను.

"లేదే, ఒక్కటే."

నేను వదిలే మనిషినా? సరిగ్గా చూడమన్నాను. ఆవిడ పాపం లోపలికెళ్లి చూసొచ్చి, "ఒక్కటే" అంది.

వెంటనే ఫోన్ చేశాను. "ఏమే, నీది రిజెక్ట్ అన్నావు కదా?"

"హా."

"ఇక్కడికి అసలు రాలేదంటున్నారు."

"నెట్‌వర్క్ అమ్మా, దారిలో పడిపోయి ఉంటది" అంది.

"నాది పడలేదే?"

"నీది బరువు ఎక్కువ కదా" అని పకపక నవ్వి పెట్టేసింది.

అప్పటికే అది మా ఊరి రేవు హాడోలో, వచ్చే పోయే షిప్పులతో రేడియోలో మాట్లాడే గదిలో పనికి చేరింది. నేను నార్వే వెళ్లిన నెలకే ఆ ట్రైనింగ్‌లో చేరిందట. ఆ పని గురించి నాతో ఏనాడూ ఒక్క ముక్క అనలేదు. అన్నా నేను వినేదాన్ని కాదేమో. ఇది మాత్రం వదినకి చెప్పకండి.

చదువు పూర్తయ్యాక చెన్నై వరకు విమానంలో వచ్చి, అక్కడి నుంచి కావాలనే షిప్పెక్కాను. హాడో రేవు కనపడగానే ఆఫీసర్ని పట్టుకున్నాను. "ఆ రేడియోలో మా అమ్మాయుంటుంది, ఒక్కసారి వినాలి" అన్నాను. రూల్సు ఒప్పుకోవన్నాడు. రూల్సు మీద నేను మొదలుపెట్టగానే భయపడి, తలుపు దగ్గర నిలబడి వినమన్నాడు. గరగర మధ్యలోంచి దాని గొంతు వచ్చింది. మా ఇంట్లో వినే గొంతు కాదు. నిబ్బరంగా, తొందర లేకుండా, ముందు ఇంకో షిప్పు కదలాలి, అంతవరకు ఆగమంది. మా షిప్పు ఆగింది. ఇరవై నాలుగేళ్లలో నా మాట ఒక్కపూట వినని పిల్ల చెప్పిన మాటని అంత షిప్పూ కిక్కురుమనకుండా విని నిలబడింది! నేను గుమ్మంలో నిలబడి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు, ఆ ఆఫీసర్ మంచినీళ్ల గ్లాసు తెప్పించాడు.

అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను, ఫారం ఎందుకు పంపలేదని. ఒకసారి మర్చిపోయానంటుంది. ఒకసారి "నీది చదివాక నాది పంపడానికి సిగ్గేసింది" అంటుంది. ఇంకోసారి "పడవ పోగనుకో, తినెయ్" అంటుంది. వాళ్ల నాయనమ్మని అడిగితే, ఆమె కొండవైపు తిరిగి కూర్చుంటుంది.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఇదంతా నేనే చదివి వినిపించాలి. ఈ ముక్క దగ్గరికి వచ్చాక కాగితం పక్కన పెట్టి, గది తలుపుకి అడ్డంగా నిలబడి అడుగుతాను. నువ్వు దగ్గింది నాకోసమా, లేక ఇరవై నాలుగు గంటలూ చెవిలో రొదపెట్టే తల్లిని ఓ రెండేళ్లు నార్వేకి సాగనంపి, నీ రేడియో గదిలోకి నువ్వు హాయిగా నడిచిపోవడానికా?